కూడు పెట్టే స్వరం

సంగీతం కూడు పెట్టదని మన పెద్దలంటారు. కూడు పెట్టేది సంగీతమే కాదని విద్వాంసులంటారు. ఈ రెండు మాటల నడుమ పడి నలిగే పిల్లలు ప్రతి వీధికీ ఒకరో యిద్దరో ఉంటారు. హనుమకొండలో మా యింట్లోనూ ఒకతె ఉంది. మా అమ్మాయే.

దానికి చిన్నతనంనుంచీ కీబోర్డు పిచ్చి. బి.కాం. ముగిసింది. బ్యాంకు పరీక్షకని పుస్తకాలు కూడా కొన్నాం. ఇంతలో హైదరాబాదులో వ్యాపార ప్రకటనలకు బాణీలు కట్టే ఒక చిన్న స్టూడియోవారు వచ్చి పనిచేయమన్నారు. జీతం స్వల్పమే. కబురు తెలియగానే మా అన్నయ్య కాజీపేటనుంచి ఊడిపడ్డాడు.

"ఏంది తమ్మీ! సబ్బులకు, నూనెలకు పాటలు కట్టెటందుకు పిల్లను పట్నం తోలుతవా? కూడు పెడ్తదా గది?" అన్నాడు.

ఆ సాయంత్రమే దాని సంగీతం మాస్టారూ దయచేశారు. ఆయన బాధ వేరు. "సరస్వతిని తీసుకువెళ్ళి అంగట్లో నిలబెడతారా అండీ?" అన్నారు గద్గదంగా.

చూడండి చిత్రం! ఒకరి దృష్టిలో అది డబ్బు రాని పని. ఇంకొకరి దృష్టిలో డబ్బుకోసం చేసే పని. ఇద్దరికీ చాయ్ యిచ్చి కూర్చోబెట్టాను. ఆ రోజుల్లోనే నాకు డార్జిలింగులో పుట్టిన ఒక పియానో విద్వాంసుని జీవితం గుర్తుకు వచ్చింది. ఇద్దరికీ అదే జవాబనిపించింది.

ఆయన పేరు లూయిస్ బ్యాంక్స్. పేరు మీరు విని ఉండకపోవచ్చుగాని, పనితనం తప్పక విని ఉంటారు. 1988 ఆగస్టు 15న దూరదర్శన్ మొదటిసారి ప్రసారం చేసిన "మిలే సుర్ మేరా తుమ్హారా" జ్ఞాపకముందా? భీమ్‌సేన్ జోషీ కంఠంతో ఆరంభమై, లతా మంగేష్కర్ కంఠంతో ముగింపుకు వచ్చి, జాతీయగీతపు స్వరాలలో లీనమయ్యే పాట. అందులో పద్నాలుగు భాషలున్నాయి. మన తెలుగుకూ ఒక పాదం దక్కింది. తూర్పు గోదావరి శంకరగుప్తంలో పుట్టిన మన బాలమురళీకృష్ణగారు అందులో తమిళ పాదం పాడారు. అశోక్ పట్కీ, లూయిస్ బ్యాంక్స్ ప్రభృతుల చేతులు కలిసి రూపొందిన సంగీతమది.

లూయిస్ బ్యాంక్స్ 1941 ఫిబ్రవరి 11న ఒక నేపాలీ కుటుంబంలో పుట్టారు. ఆ యింట్లో సంగీతం మూడు తరాలది. తాతగారు బఖత్‌బీర్ నేపాలు పాత జాతీయగీతానికి బాణీ కట్టిన మనిషి. తండ్రి పుష్కర్ బహదూర్ బాకా వాయించేవారు. కలకత్తాలో దొరల బ్యాండులో చేరి జార్జి బ్యాంక్స్ అయ్యారు. అమెరికాలో బాకాకు చక్రవర్తి వంటి లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరే కొడుక్కి పెట్టుకున్నారు.

ఆ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగీతమే జాజ్. అమెరికా నల్లజాతివారు లోకానికిచ్చిన సొత్తు. మన కచేరీ భాషలో చెప్పుకుందాం. మన విద్వాంసుడు పల్లవి ఎత్తుకుని అప్పటికప్పుడు కల్పనస్వరాలు వేస్తాడు గదా. జాజ్ వాద్యగాడూ అంతే. అందరికీ తెలిసిన పాట ఎత్తుకుని దానిమీద తన మనోధర్మం పరుస్తాడు. అయితే మనకు తంబూరా శ్రుతి కదలదు. వారికి క్రింద మ్రోగే స్వరాల గుత్తి మాటిమాటికీ మారుతుంది. పియానోమీద ఎడమ చెయ్యి ఆ గుత్తులు మారుస్తూంటే, కుడి చెయ్యి వాటికి లొంగుతూనే తన దారి తాను వెతుక్కోవాలి. కదిలే మెట్లమీద పరుగెత్తటం లాంటిదన్నమాట.

ఇంత విద్యా ఆయన ఎక్కడ ప్రదర్శించారనుకున్నారు? హోటళ్ళలో! మొదట తండ్రిగారి బృందంతో ఖాట్మండులో. ఆ తరువాత 1970ల్లో కలకత్తా పార్కు స్ట్రీటులోని బ్లూ ఫాక్స్‌లో. పామ్ క్రెయిన్ పాడేవారు, బ్రాజ్ గొన్సాల్వెస్ సాక్సఫోన్ వాయించేవారు, బ్యాంక్స్ పియానో. ఎదుట జనం భోజనాలు చేస్తూండేవారు. అక్కడే ఆర్.డి. బర్మన్ విని, బొంబాయికి పిలిపించుకున్నారు. 1977లో వచ్చిన "ముక్తి" చిత్రంలో వినిపించే పియానో బ్యాంక్స్‌దే. ఆ పైన వ్యాపార ప్రకటనల పాటలు వచ్చాయి. అవీ ఎన్నో కట్టారు.

ఇంతవరకు చెప్పేసరికి మా మాస్టారు, "చూశారా, చివరికి అంగడే!" అన్నారు.

నిజమే. కాని అంగడిలో ఆయన విద్య పోగొట్టుకోలేదు. ఆ ప్రకటనల కాలంలోనే బెంగుళూరు రమామణిగారి కర్ణాటక స్వరాలకు తన జాజ్‌ను జతకలిపి కచేరీలు చేశారు. మైల్స్ డేవిస్ సంగీతాన్ని మన వాద్యాలతో వినిపిస్తూ 2008లో వెలువడిన "మైల్స్ ఫ్రం ఇండియా"లో వాయించారు. అది గ్రామీ బహుమానానికి పోటీపడిన రికార్డులలో ఒకటి.

అంతకన్న ముఖ్యమైనది ఇంకొకటుంది. "మిలే సుర్" మళ్ళీ ఒకసారి వినండి. రాగం భైరవే. కాని ఒక్కొక్క భాషకు దక్కేది కొద్ది క్షణాలే. ఆ కొద్ది క్షణాలలో కాశ్మీరం రావాలి, పంజాబు రావాలి, వంగదేశం రావాలి. ముప్పై సెకండ్లలో వినేవాని చెవిలో బాణీ నాటటం ప్రకటనలు నేర్పే విద్య. అదే రాగం క్రింద వాద్యాలనూ నడకనూ మార్చుకుంటూ పోవటం జాజ్ నేర్పే విద్య. అసలు ఆ పాటను ఊహించిన సురేశ్ మల్లికూ, హిందీ మాటలు వ్రాసిన పీయూష్ పాండేయూ ప్రకటనల సంస్థలో పనిచేసినవారే! అంగడివారు కలిసి చేసిన పాటకే దేశమంతా కళ్ళు చెమర్చుకుంది. మాస్టారు మాట్లాడలేదు. చాయ్ మాత్రం పూర్తిగా త్రాగారు.

అన్నయ్య అంత తేలికగా లొంగే ఘటం కాదు. మన ఓరుగల్లు ప్రాంతంలోని కంబాలపల్లిలో పుట్టిన చక్రి 2000లో "బాచి"తో సినిమా సంగీత దర్శకుడైన సంగతి ఎత్తాను.

"అందరు చక్రిలైతరా?" అన్నాడు.

"కారు. పరీక్ష వ్రాసినవాళ్ళందరూ బ్యాంకు ఆఫీసర్లూ కారు" అన్నాను. వాడికి నవ్వు వచ్చింది. కోపం సగం దిగింది.

మిగతా సగం న్యాయమైనదే. స్వల్ప జీతంతో పట్నంలో ఆడపిల్ల బతకటం మాటలు కాదు. అందుచేత అమ్మాయిని పిలిచి రెండే ప్రశ్నలు వేశాను. గది అద్దె, తిండి ఆ జీతంతో గడుస్తాయా? ఎంత పనున్నా రోజూ ఒక గంట, ఎవరూ డబ్బివ్వని సంగీతం వాయించుకుంటావా?

మొదటిదానికి కాగితంమీద లెక్క వేసి చూపించింది. నెలకు రెండువేలు తక్కువ పడుతున్నాయి. రెండోదానికి, "అది లేకపోతే మొదటి పని ఎందుకు నాన్నా?" అంది.

ఆ రెండువేలూ ఒక ఏడాదిపాటు నేను పంపుతానన్నాను. అన్నయ్య జేబులోనుంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆ లెక్క మొదటినుంచి చివరిదాకా మరొకసారి కూడి చూశాడు. "ఇల్లు మంచిగున్న గల్లీల దొరకాలె. నేనొచ్చి చూస్త" అన్నాడు.