మన గుడిసె వాసాలు రాతిలో ఉన్నాయి



మాది బుట్టాయగూడెం దగ్గర కోయ గూడెం. తణుకులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. పోయిన నెల ఒక ఆదివారం ఇద్దరు ఫ్రెండ్స్‌తో గుంటుపల్లి బౌద్ధ గుహలు చూసొచ్చాను. మనలో చాలామంది ద్వారకా తిరుమల దాకా వెళ్తారు గానీ, కామవరపుకోట వైపు ఇంకాస్త పోతే ఇది ఉందని ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్నా.

జీలకర్రగూడెం పక్కన కొండ. మెట్లెక్కి పోతే జనమే లేరు. గుడి అంటే గంటలు, క్యూలైన్లు అలవాటైన మాకు ఆ నిశ్శబ్దం వింతగా అనిపించింది. రాతిని తొలిచి భిక్షువులు ఉండే గదులు చేశారు. కొండ మీద పదుల కొద్దీ చిన్నాపెద్దా స్తూపాలు. మహామేఘవాహన వంశపు రాజు సిరిసద దగ్గర పనిచేసిన ఒక లేఖకుడు ఇక్కడ మండపం దానం చేసినట్టు శాసనం కూడా ఉంది.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది గుండ్రటి చైత్య గుహ. క్రీస్తుకు ముందు నాటిది. మధ్యలో రాతి స్తూపం. చుట్టుపక్కల వాళ్లు దాన్నే ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. తలెత్తి చూస్తే, రాతి కప్పులో వాసాలు! గొడుగు ఊచల్లా నడిమి నుంచి చుట్టూ దిగాయి. రాయికి వాసాలెందుకు? కొండ దానంతటదే నిలబడుతుంది కదా. అప్పటి జనం ఇల్లు కట్టింది కర్రతో, గడ్డితో. రాయి తొలిచేటప్పుడు కూడా వాళ్లకు తెలిసిన ఇంటి రూపాన్నే చెక్కారు. బీహార్‌లో బరాబర్ కొండల్లోని లోమస్ ఋషి గుహ ముఖద్వారమూ కర్ర ఇంటి నమూనాయే.

"మీరింకా గుడిసెల్లోనే ఉంటారా?" అని కాలేజీలో ఒకడు నన్ను నవ్వుతూ అడిగాడు. ఆ రోజు ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. ఈ గుహలను మనవాళ్లే చెక్కారని నేననడం లేదు, ఆధారం లేని గొప్ప మనకొద్దు. కానీ మన జిల్లాల్లో ఇంత పాత గుడి ఒక గుడిసెను చూసి చెక్కిందే. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

ఇంకో మాట. ఆనాటి కర్ర ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు. రాతిలో చెక్కారు కాబట్టి వాటి రూపం మనకు తెలిసింది. మన ఇళ్లను ఎవరు చెక్కుతారు? పోలవరం ముంపు ఊళ్ల నుంచి మనవాళ్లు కాలనీల్లోని సిమెంటు ఇళ్లకు పోయారు, ఇంకా పోతున్నారు. ముంపు లేని గూడేల్లోనూ పాత ఇళ్లు తగ్గిపోతున్నాయి. సిమెంటు ఇల్లు వద్దని కాదు, వానకు కారని ఇల్లు మా అమ్మకూ కావాలి. పాతది పడగొట్టే ముందు దాన్ని రాసిపెట్టుకోవాలి, అంతే.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. మన ఇంటి వాసాలు మాత్రం మనమే లెక్కపెట్టుకుందాం. సెలవులకు ఊరెళ్లినప్పుడు నిట్రాడు, దూలం, వాసాలు, దడి, అన్నీ ఫోటో తీయండి. ఏ కర్ర వాడారో, మన భాషలో దాన్ని ఏమంటారో తాతను, అవ్వను అడిగి ఇక్కడ పెట్టండి. మా తాత ఇంటితో నేను మొదలుపెడతాను.