చలికాలములో మా యింటి పెండ్లి

క్రిస్మసు పండుగ గడచిన వెంటనే మన పల్లె సంఘములలో పెండ్లి పనులు మొదలగును. ఈ చలికాలములో మీ యింటను ఒక పెండ్లి జరుగవలసి యుండవచ్చును. అందుచేత 2023వ సంవత్సరము డిసెంబరు నెలలో మా యింట జరిగిన సంగతి మీకు చెప్పవలెనని కూర్చుంటిని. ఇందులో నాకు సిగ్గు కలిగించునది కొంత కలదు; మీకు పనికివచ్చునది కొంత కలదు. రెండింటిని దాచక వ్రాయుచున్నాను.

మాది మాధవరము. తుంగభద్రకు ఈవలి యొడ్డున, రాయచూరు పోవు దారిలో నున్నది. ఏరు దాటినయెడల కర్నాటక రాష్ట్రము. నా తమ్ముని కూతురికి ఏటి ఆవల ఒక పల్లెలో సంబంధము కుదిరెను. పిల్లవాడు బుద్ధిమంతుడు, కష్టము చేసుకొని బ్రదుకువాడు. కట్నము అడుగలేదు. డిసెంబరు 28వ తేదీ గురువారము పెండ్లి జరుపుదమని ఉభయ సంఘముల పెద్దలు కూర్చుండి నిర్ణయించిరి.

చలిలో పెండ్లి యేల అని మీరడుగవచ్చును. మా సీమలో దానికి కారణములు కలవు. అప్పటికి పత్తి తీయు పని చాలవరకు ముగియును. సంక్రాంతి దాటెనా, ఊరిలో సగము ఇండ్లకు తాళములు పడును. పిల్లా పెద్దా అందరు గుంటూరు సీమకు మిరపకాయ కోతలకు పోవుదురు. దీనినే మేము సుగ్గి యందుము. వారు తిరిగి వచ్చునప్పటికి ఎండలు ముదురును. ఆగమన కాలములోను శ్రమల కాలములోను మా సంఘములో పెండ్లి చేయు వాడుక లేదు. కాబట్టి క్రిస్మసునకును సంక్రాంతికిని నడుమ నున్న ఆ కొద్ది దినములే మాకు చిక్కును. మరియొక మేలు కూడ కలదు. ధనుర్మాసములో హిందూ సహోదరులు పెండ్లి ముహూర్తములు పెట్టుకొనరు. గనుక షామియానావారు, వంటపాత్రలవారు, ఫోటోలు తీయువారు ఖాళీగా నుందురు. తక్కువ వెలకే వత్తురు.

అన్నియు బాగుగనే యుండెను. చిక్కు ఫోటోల దగ్గర వచ్చెను.

నా తమ్ముడు పట్టణమునకు పోయి ఒక స్టూడియోలో మాటలాడి వచ్చెను. పెండ్లికి ముందే ఏటి యొడ్డున జంటకు ఫోటోలు, ఆకాశమునుండి తీయు డ్రోన్ కెమెరా, గుడి బయట పెద్ద తెర, మూడు ఆల్బములు, అన్నియు కలిపి లక్షా పదివేల రూపాయలు. ఆ సంవత్సరము వానలు మోసము చేసెను. రాష్ట్ర ప్రభుత్వము 103 మండలములను కరవు మండలములని ప్రకటించెను. వాటిలో మా జిల్లా మండలములు అనేకము. పెట్టిన పెట్టుబడియే రాని సంవత్సరమది.

"అంత డబ్బు ఎక్కడిదిరా?" అని అడిగితిని.

"మేస్త్రీ అడ్వాన్సు ఇస్తానన్నాడన్నా" అనెను.

మేస్త్రీ అడ్వాన్సు అనగా నేమో మీలో అనేకులకు చెప్పనక్కరలేదు. చేతులు లెక్కపెట్టి ఇచ్చు సొమ్మది. ఇంటిలో ఎంతమంది కోతకు వత్తురో చూచి ముందుగా ఇచ్చును. తీరువరకు ఆయన చెప్పిన చేనిలో, ఆయన చెప్పిన కూలికి పని చేయవలెను. తమ్ముడు తన చేతులు, భార్య చేతులు, కుమారుని చేతులు లెక్క చెప్పెను. అవి చాలలేదు. కూతురి చేతులు, కాబోవు అల్లుని చేతులు కూడ ఆ లెక్కలో చేర్చెను. గోరింటాకు పెట్టవలసిన చేతులు పెండ్లికి ముందే కుదువబడుచుండెను.

నేను కోపపడితిని. అప్పుడు వాడు, "నీ పెండ్లికి నాయన అప్పు చేసి ఫోటోలు తీయించలేదా? నాకు ఒక్కటే కూతురు కదన్నా" అనెను. నా నోరు మూతబడెను.

వాడు చెప్పినది నిజమే. నా పెండ్లి 1994లో జరిగెను. నాయన అప్పు చేసి ఆదోని నుండి ఫోటోగ్రాఫరును పిలిపించెను. ఒక్క రీలు, ముప్పది ఆరు ఫోటోలు. ఆ అప్పు తీరుటకు మూడేండ్లు పట్టెను. ఆ ముప్పది ఆరింటిలో నా స్నేహితులు ఉన్నారు, ఎవరో దారిని పోవువారును ఉన్నారు. మా అమ్మ ఒక్కదానిలోను లేదు. ఆ దినమంతయు ఆమె గుడి వెనుక పొయ్యి దగ్గర నుండెను. ఎవరును ఆమెను పిలువలేదు. పెండ్లికుమారుడనైన నేనును పిలువలేదు. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది.

తరువాత 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగెను. మంత్రాలయము మునిగిన ఆ వరదను మీరు మరచి యుండరు. మా యింటిలోనికి నీరు వచ్చెను. పెట్టెలోని ఆల్బము నానిపోయెను. తెలియక దానిని మూసియున్నట్లే ఎండలో పెట్టితిని. పుటలన్నియు అతుకుకొని రాయివలె ఆయెను. ఫోటోలు తడిసినప్పుడు ఆరనీయక, మంచినీటిలో ఉంచి మెల్లగా ఒక్కొక్కటిగా విడదీసి, బొమ్మ పైకి వచ్చునట్లు నీడలో పరచవలెనని తరువాత తెలిసికొంటిని. మూడేండ్ల అప్పు ఒక్క దినపు ఎండలో పోయెను. మీ ఇండ్లలో అట్టి యాపద వచ్చినయెడల ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి.

ఆ సాయంకాలము మేమిట్లు వాదించుకొనుచుండగా అమ్మ చలిమంట దగ్గర కంబళి కప్పుకొని కూర్చుండి వినుచుండెను. ఆమెకు ఎనుబది యేండ్లు దాటెను. మెల్లగా అనెను: "నా పెండ్లికి ఫోటో లేదు. మీ నాయన మొగం నేను మరిచిపోయినానా?" కొంతసేపు మంటలోనికి పత్తికట్టె త్రోసెను. పిమ్మట తమ్మునివైపు చూచి, "పిల్ల చేతులు అమ్మి పిల్ల బొమ్మ కొంటావా నాయనా?" అనెను.

ఎవరును మారు పలుకలేదు. తమ్ముడు మరునాడు మేస్త్రీకి ఫోను చేసి వద్దనెను.

పిల్ల మాత్రము రెండు దినములు మాతో మాటలాడలేదు. తన తోటి పిల్లలందరికి ఏటి యొడ్డున ఫోటోలుండెను. ఆమెకును ఆశ యుండెను. ఆశపడుట పాపము కాదు. నేను ఆమె దగ్గర కూర్చుండి ఒక సంగతి చెప్పితిని. పెండ్లికూతురు తెల్లని వస్త్రము కట్టు వాడుక లోకములో వ్యాపించుటకు విక్టోరియా రాణి పెండ్లి ఒక ముఖ్య కారణము. ఆ పెండ్లియు చలికాలమే, 1840 ఫిబ్రవరి 10వ తేదీ. అంతకు ముందటి సంవత్సరమే ఫోటో తీయు విద్య లోకమునకు వెల్లడి యాయెను గాని, అంతటి రాణి పెండ్లికి ఒక్క ఫోటోయైనను లేదు. 1854లో రోజర్ ఫెంటన్ తీసిన బొమ్మలను చూచి పెండ్లి బొమ్మలని భ్రమపడువారు నేటికిని కలరు. పిల్ల నవ్వి, "రాణికి లేకుంటే నాకేమి పెద్దనాయనా, నాకు కొన్నన్నా తీయించండి" అనెను. ఆ మాటతో మా పని మొదలాయెను.

ఎమ్మిగనూరు నుండి ఒక చిన్నవాడు, ఒకే కెమెరాతో, ఒక దినమునకు పన్నెండు వేలకు వచ్చుటకు ఒప్పుకొనెను. పిల్ల కాగితముపై పేర్లు వ్రాసెను. పెద్దవారు మొదట, ఊరినుండి సుగ్గికి పోవువారు తరువాత, వంట చేయువారు, నీళ్లు మోయువారు, బెంచీలు మోసినవారు అందరును అందులో నుండిరి. స్నేహితులు చివర. మీరును ఇట్టి పట్టి యొకటి వ్రాసి, ముఖములు తెలిసిన యొక బంధువు చేతికిచ్చి, ఫోటోలు తీయువాని ప్రక్కన నిలువబెట్టుడి. అతడు మీ యూరివాడు కాడు. మీ అమ్మ ఎవరో అతనికెట్లు తెలియును?

అయ్యగారు డిసెంబరు 3, 10, 17 తేదీల ఆదివారములలో పెండ్లి ప్రకటన చదివిరి. ఫోటోలవానికి ఒక కట్టడ చేసిరి: ప్రమాణములు చెప్పునప్పుడు బల్లకును జంటకును నడుమ నిలువరాదు, ప్రార్థనలో మెరుపుదీపము వేయరాదు. రిజిష్టరులో చేవ్రాలు చేయునప్పుడు మాత్రము దగ్గరకు రావచ్చును.

1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము పెండ్లి సాధారణముగా ఉదయము 6 గంటలకును సాయంకాలము 7 గంటలకును మధ్య జరుగవలెను. ఆ దినములలో మా యూర ప్రొద్దు పొడుచుట 6-45 దాటి, క్రుంకుట 6 గంటలలోపు. ఆరాధన పది గంటలకు పెట్టితిమి. అప్పటికి చలి విరిగి కిటికీలలోనుండి వెలుగు లోపలికి చక్కగా వచ్చును. చిన్నవాడు మరియొక తెలివైన మాట చెప్పెను. మే మొదటి వారములో మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తిన నుండి కన్నుల క్రింద నల్లని నీడలు పడవేయును. డిసెంబరు చివరను ఆయన నడినెత్తికి దాదాపు 40 డిగ్రీలు దక్షిణముగా నడచును. కాబట్టి గుడి ఉత్తరపు గోడ దినమంతయు నీడలోనే యుండును. అక్కడ నిలిచినయెడల తెల్లచీర కన్నులు చెదరునట్లు వెలుగదు, ముఖములు చీకటిపడవు. దీపములకు ఒక్క రూపాయి ఖర్చు లేకుండ కుటుంబముల ఫోటోలన్నియు ఆ గోడ దగ్గరనే తీసెను.

ముసలివారికి చలి తగులకుండ గుడి బండలపై ఆదోని జంపఖానాలు పరచితిమి. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సంఘపు దుప్పట్లు మా ఇండ్లలో ఎన్నటినుండియో ఉన్నవి. అవియు, ఇరుగుపొరుగు కురుబ సహోదరులిచ్చిన నల్లకంబళ్లును వెనుక బెంచీలపై పెట్టితిమి. తెల్లవారుజామున పత్తికట్టెతో మంట వేసి, వచ్చినవారికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, వేడి టీ ఇచ్చితిమి. రెండువందలమందికి మించలేదు. అందరు ఒకరినొకరు ఎరిగినవారే.

ఇన్ని ఏర్పాట్లు చేసినను, ఫోటోల వేళకు అమ్మ కనబడలేదు. వెదకగా మునుపటివలెనే వెనుక పొయ్యి దగ్గర కూర్చుండి ఉల్లిగడ్డలు కోయుచుండెను. "మీరు తీసుకోండి, నా చీర బాగలేదు" అనెను. పట్టి పట్టుకొనిన బంధువు వచ్చి చెప్పగా, పెండ్లికూతురు ముసుగు ఒక చేత ఎత్తి పట్టుకొని తానే పొయ్యి దగ్గరకు పోయెను. అవ్వ ప్రక్కన గొంతుకూర్చుండెను. ఆ చిన్నవాడు మాటలాడక కెమెరా ఎత్తెను. పొగ, బూడిద, పత్తికాయలు గీరిన పిల్ల చేతులు, వాటిపై ముడుతలు పడిన అవ్వ చేయి, అన్నియు అందులో నున్నవి. 1994లో నేను చేయని పని ఆ పిల్ల చేసెను.

వారము దినముల పిమ్మట ఫోటోలు వచ్చెను. కొన్నిటిలో పిల్ల ముఖము తెల్లగా మార్చబడి యుండెను. అందరు అట్లే కోరుదురని ఆ చిన్నవాడు చెప్పెను. పిల్లయే, "నా రంగు నాకియ్యన్నా" అనెను. అతడు సంతోషముగా సరిచేసెను. పరమగీతములోని వధువు తన నల్లదనమును గూర్చి సిగ్గుపడలేదు, మనమేల సిగ్గుపడవలెను? తెల్లని పత్తి మన నల్లరేగడిలోనే పండుచున్నది గదా.

ప్రియ చదువరీ, కానా ఊరి పెండ్లిని జ్ఞాపకము చేసికొనుడి. అక్కడి వధువు పేరు గాని వరుని పేరు గాని సువార్తలో లేదు. వారి వస్త్రములెట్టివో తెలియదు. ఆ యింటికి కొరత వచ్చెననియు, సిగ్గుపడవలసిన ఆ గడియలో ప్రభువు వారిని ఆదుకొనెననియు మాత్రము తెలియును. ఆ మేలు ఎక్కడనుండి వచ్చెనో విందు ప్రధానికి తెలియలేదు; నీళ్లు మోసిన పనివారికే తెలిసెను. మన పెండ్లిండ్లలో నీళ్లు మోయువారిని మరచి, లేని గొప్ప చూపుటకు అప్పు తెచ్చుకొనినయెడల, ఆ పెండ్లినుండి మనమేమి నేర్చుకొన్నట్లు?

2024 జనవరిలో మా తమ్ముని కుటుంబము సుగ్గికి పోయెను. పోక తప్పలేదు, కరవు కరవే. అయితే అడ్వాన్సు లేనందున మంచి కూలి ఇచ్చు చేనికి పోయిరి; సంపాదించినది ఇంటికి తెచ్చుకొనిరి. కొత్తజంట ఏటి ఆవల తమ పొలము పని చూచుకొనిరి. ఫోనులో నుండు బొమ్మలు ఫోనుతో పోవునని, ముఖ్యమైన నలుబది ఫోటోలు కాగితముపై మూడేసి తీయించితిమి. ఒక కట్ట మా యింట, ఒకటి అల్లుని యింట, ఒకటి గుడి బీరువాలో ఉన్నవి. ఏరు మరల పొంగినను అన్నియు ఒక్కసారి పోవు.

పొయ్యి దగ్గరి ఫోటో మా గోడకు వ్రేలాడుచున్నది. అమ్మ దానిని చూచినప్పుడెల్ల, "మంచి చీర కట్టుకోనిస్తే బాగుండు" అని గొణుగును. మీ యింట పెండ్లి జరుగు దినమున, ఫోటోలవాడు కెమెరా విప్పకముందే, ఒక్కసారి గుడి వెనుకకు పోయి పొయ్యి దగ్గర ఎవరున్నారో చూడుడి.