ఆగ్రాలో మా అత్తయ్య చూసిన ఎలుగుబంట్లు

ఆగ్రా వెళ్ళొచ్చిన వాళ్ళంతా తాజ్‌మహల్ గురించే రాస్తారు. నేను రాయను. మీరు క్యాలెండర్లలో చూసిందే, దగ్గర్నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది, అంతే. నేను చెప్పబోయేది ఆ ఊరి నుంచి ఢిల్లీ వెళ్ళే రోడ్డు మీద, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎలుగుబంట్ల ఆశ్రమం గురించి. "ఆగ్రాలో ఎలుగుబంట్లేమిటి చోద్యం!" అనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అన్నాను.

మా అబ్బాయికి నోయిడాలో ఉద్యోగం వచ్చింది. "నానమ్మని కూడా తీసుకురండి, మథుర, బృందావనం చూపిస్తాను" అని ఒకటే పోరు. 2023 జనవరిలో మావారు, నేను, అత్తయ్య విజయవాడలో జీ.టీ. ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పులిహోర, చపాతీలు, కందిపొడి, అత్తయ్యకి విడిగా మడి అటుకులు. రెండో రోజు భోపాల్ దాటేసరికి చలి మొదలైంది. ఆగ్రాలో దిగేసరికి అత్తయ్య రెండు శాలువాలు, మావారి మఫ్లరు చుట్టుకుని కూడా వణుకుతున్నారు. అక్కడి చలికి మన స్వెట్టర్లు ఆగవు. వెళ్ళేవాళ్ళు మందపాటివి పట్టుకెళ్ళండి.

పేఠా సంగతి కూడా ఒక్క మాట. అది మన బూడిదగుమ్మడికాయే! ముక్కలు కోసి, సున్నపు నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగి, పాకంలో ఉడికిస్తారు. మనం వడియాలు పెట్టుకుని ఊరుకున్నాం, వాళ్ళు దాంతో ఊరికే పేరు తెచ్చుకున్నారు.

సరే, అసలు విషయానికొస్తాను.

మథుర వెళ్ళే రోజు పొద్దున్నే మా అబ్బాయి కారు మధ్యలో పక్కకి తిప్పించాడు. "ఇక్కడొకటి చూద్దాం" అన్నాడు తప్ప ఏమిటో చెప్పలేదు. ఆ చోటు పేరు కీఠం. పెద్ద చెరువు, చుట్టూ అడవి. సూర్‌దాస్ పేరు మీద సూర్ సరోవర్ అంటారు. ఆ మహానుభావుడు ఆ చుట్టుపక్కలే ఉండేవారని చెప్పుకుంటారు. చలికాలం కదా, చెరువు నిండా పిట్టలు. మన కొల్లేటికొచ్చే గూడబాతుల్లాంటివి మంచులో తేలుతున్నాయి. అడవిశాఖ వాళ్ళ టికెట్టు కొనుక్కుని లోపలికి వెళితే, ఆ అడవిలోనే ఎలుగుబంట్ల కేంద్రం. మా అబ్బాయి ముందే అడిగి సమయం తీసుకున్నాడట.

లోపలికి వెళ్ళే ముందు మీకో పాత సంగతి చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఎలుగుబంటి వాణ్ణి మీరూ చూసే ఉంటారు. మా చిన్నప్పుడు తెనాలిలో మధ్యాహ్నం పూట డమరుకం చప్పుడు వినబడితే చాలు, అన్నం చేత్తోనే వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. అది రెండు కాళ్ళ మీద లేచి ఊగేది, చేతులెత్తి దండం పెట్టేది. జడుపు జ్వరం వచ్చిన పిల్లల్ని దాని మీద కూర్చోబెడితే భయం పోతుందనేవారు. దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మొలతాడుకి కట్టేవారు.

2005లో మా బాబుకి నాలుగేళ్ళు. వీధికుక్క మీదకొస్తే జడుసుకుని మూడు రోజులు ఒళ్ళు పేలిపోయే జ్వరం. డాక్టరుగారు సిరప్ ఇచ్చారు, అత్తయ్య ఎక్కడినుంచో ఎలుగుబంటి వాణ్ణి పిలిపించారు. నేనే వాడికి 20 రూపాయలు, సోలెడు బియ్యం, మావారి పాత చొక్కా ఇచ్చాను. నేనే బాబుని దాని వీపు మీద కూర్చోబెట్టి మూడుసార్లు తిప్పించాను. జ్వరం తగ్గింది. దేనివల్ల తగ్గిందో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. మిగిలిన నాలుగు వెంట్రుకలు అత్తయ్య పొట్లం కట్టి ట్రంకుపెట్టెలో దాచారు. ఆగ్రా వెళ్ళేనాటికి మా ఆడపడుచు కూతురికి ఆరో నెల. పుట్టబోయే బిడ్డకి కట్టాలని ఆవిడ ఆశ.

ఆ రోజు దాని మూతి చుట్టూ ఈగలు ముసురుతుండడం నాకు బాగా గుర్తు. చేత్తో తోలాను కూడా. ఎందుకు ముసురుతున్నాయో ఆలోచించలేదు.

ఎందుకో ఈ కేంద్రంలో చెప్పారు. అక్కడి అబ్బాయి హిందీలో చెబుతుంటే మా వాడు తెలుగులో చెప్పాడు. అడవిలో తల్లిని చంపి, పాలు తాగే పిల్లల్ని ఎత్తుకొస్తారు. పిల్ల కాస్త పెరగగానే, మత్తు లేదు మందు లేదు, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో మూతి పైభాగం గుచ్చి తాడు దూరుస్తారు. ఆ పుండు మానకూడదు, మానితే తాడుకి నొప్పి ఉండదు, నొప్పి లేకపోతే అది లేవదు. కోరపళ్ళు రాళ్ళతోనో కర్రతోనో ఊడగొడతారు. గోళ్ళు కత్తిరిస్తారు. ఈ జాతి ఎలుగుకి ముక్కూ మూతే సర్వస్వం. చెదల పుట్ట వాసన పట్టేదీ దాంతోనే, మూతి పుట్టలో పెట్టి చెదలు పీల్చుకుని తినేదీ దాంతోనే. అన్నం పెట్టే చోటే తాడు! మనం చూసింది ఆట కాదు, తాడు పైకి లాగితే నొప్పి తగ్గించుకోవడానికి అది లేచి నిలబడేదంతే. "వాడికి ముక్కుతాడు వెయ్యాలి" అని నేనే మా ఇంట్లో రోజుకి రెండుసార్లు అంటాను. ఆ మాటకి అర్థం అక్కడ తెలిసింది.

అత్తయ్య ముఖం కందగడ్డ అయ్యింది. "అయితే ఏమంటావురా? నేను పాపం చేశాననా? పిల్లాడు నిప్పులా కాలిపోతుంటే ఎవరేం చెబితే అది చేస్తాం. నీకేం తెలుసు?" అని మనవడి మీద విరుచుకుపడ్డారు. వాడు నోరు మూశాడు. ఆవిడ మాటలో తప్పు నాకు కనబడలేదు. డబ్బులిచ్చింది నేను కదా.

ఇక ఎలుగుల దగ్గరికి వెళ్ళాం. దగ్గరికి అంటే దూరం నుంచే లెండి. ముట్టుకోవడం, తినిపించడం, పక్కన నిలబడి ఫోటోలు దిగడం అక్కడ లేవు. చెట్లున్న పెద్ద పెద్ద ఆవరణలు, నీళ్ళ తొట్లు, ఎక్కడానికి మంచెలు, ఊయలలు. రకరకాల ధాన్యాలతో వండిన జావలో తేనె వేసి పెడతారు, తర్వాత పళ్ళు, ఖర్జూరాలు. ఎండాకాలంలో పుచ్చకాయలట. కోరల్లేని నోటికి జావ ఎంత సుఖమో పళ్ళు కట్టించుకున్న అత్తయ్యకి చెప్పక్కర్లేదు. "చల్లార్చి పెడుతున్నారా?" అని మొదటగా అడిగింది ఆవిడే. బూరెల మూకుడంత మూతి గిన్నెలో పెట్టి అవి చప్పుడు చేస్తూ జుర్రుకుంటుంటే నాకు మా బాబు పాయసం తాగడం గుర్తొచ్చింది.

ఒక ముసలి ఎలుగు మాత్రం జావ దగ్గరికి రాలేదు. ఒక చెట్టు కింద నిలబడి తల ఇటూ అటూ, ఇటూ అటూ ఊపుతోంది. రెండు కళ్ళూ తెల్లగా ఉన్నాయి. చూపు లేదట. అత్తయ్య చాలాసేపు చూశారు. "దీనికి డమరుకం ఎవరు వాయిస్తున్నారే?" అన్నారు నాతో. ఎవరూ వాయించడం లేదు. తాడు తీసి ఎన్నో ఏళ్ళయింది. అయినా కొన్నింటికి ఆ ఊగడం జీవితాంతం పోదని అక్కడి అబ్బాయి చెప్పాడు. కాసేపటికి అది తనే ఆగి, వాసన పట్టుకుంటూ గిన్నె దగ్గరికి వచ్చింది. మూతి మీద పాత మచ్చ కనబడింది. అత్తయ్య చెంపలేసుకున్నారు. "జాంబవంతుడి జాతి" అన్నారు, ఇంకేమీ అనలేదు.

ఈ పని మొదలుపెట్టింది కార్తీక్ సత్యనారాయణ్, గీతా శేషమణి అనే ఇద్దరు. 1995లో వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ పెట్టారు. ఉత్తరప్రదేశ్ అటవీశాఖతో కలిసి 1999లో ఈ కేంద్రం ఏర్పాటు చేశారు. 2002 డిసెంబరులో మొదటి ఎలుగు వచ్చింది, పేరు రాణి. 2009లో కర్ణాటకలో రాజు అనే చివరి ఎలుగుతో మన దేశంలో ఈ ఆట ముగిసింది. మొత్తం 600కి పైగా ఎలుగుల్ని విడిపించారు. తర్వాత నేపాల్లో 2017లో ఇంకో రెండు దొరికాయి, రంగీలా, శ్రీదేవి అని. శ్రీదేవి ఖాట్మండూ జూలోనే చచ్చిపోయింది. రంగీలాని 2018లో ఇక్కడికి తెచ్చారు. మూతికి తాడేసిన దానికి శ్రీదేవి పేరు పెట్టడానికి మనసెలా వచ్చిందో!

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఎలుగుల్ని ఆడించేవాళ్ళు కలందర్లు అనే బీదవాళ్ళు, తరతరాలుగా అదే బతుకు. ఎలుగుని లాక్కుని వాణ్ణి జైల్లో పెడితే పెళ్ళాం పిల్లలేం తింటారు? అందుకని ఎలుగుని అప్పగించిన వాడికి వేరే పని చేసుకోవడానికి డబ్బిచ్చారట. ఆటోలు కొన్నవాళ్ళున్నారు, కొట్లు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆడవాళ్ళకి పనులు నేర్పించారు, పిల్లల్ని బడికి పంపించారు. కొందరు ఎలుగుల్ని చూసుకునే పనికే కుదిరారట. తిట్టి ఊరుకోవడం తేలిక. తిండి దారి కూడా చూపించారు కాబట్టే ఇది నిలబడింది.

చట్టం మాత్రం ఎప్పటినుంచో ఉంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఎలుగుని పట్టడమే నేరం. ఎలుగులు, కోతులు, పులులు, సింహాలతో ఆటలాడించకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. అంటే 2005లో నేనిచ్చిన 20 రూపాయలు నేరానికే ఇచ్చాను. చట్టం కాగితం మీద ఉంటుంది, డమరుకం మన గుమ్మం ముందు మోగుతుంది. గుమ్మం దగ్గర నిలబడేది మనమే కదండీ! చిలకజోస్యం చిలకా అడవి చిలకే, పంజరంలో పెట్టకూడదు. కోతినాడించే వాడొస్తే పైసలివ్వకండి, పిల్లల్ని చుట్టూ నిలబెట్టకండి, అటవీశాఖకో పోలీసులకో చెప్పండి. ఆకలి అంటే అన్నం పెట్టండి, అది వేరు.

కార్లో మావారు, "మరి సంక్రాంతికొచ్చే గంగిరెద్దో? దానికీ ముక్కుతాడుందిగా" అన్నారు. నాకు జవాబు తోచలేదు. అది ఊరి పశువు, ఇది అడవి జంతువు అని ఏదో సర్దుకున్నాను గానీ, ఈసారి గంగిరెద్దు వస్తే ముందు దాని ముక్కు చూస్తాను, తర్వాతే చీర కప్పుతాను.

మథుర దారిలోనే ఈ సంస్థదే ఏనుగుల ఆసుపత్రి కూడా ఉంది, 2018లో తెరిచారు. పొద్దుపోవడంతో మేం ఆగలేదు. మీరు వెళ్ళేటప్పుడు రెండిటికీ ముందే అడిగి సమయం తీసుకోండి. కృష్ణుడి దర్శనానికి ఆలస్యమవుతుందని అత్తయ్య తొందరపెట్టారు గానీ, గుళ్ళో ఆవిడ చాలాసేపు కళ్ళు తెరవలేదు.

ఏప్రిల్లో మా ఆడపడుచు మనవరాలి బారసాల. పొద్దున్నుంచి అత్తయ్య ట్రంకుపెట్టె వైపే చూస్తున్నాను. ఆవిడ వసకొమ్ము, నల్లపూసలు గుచ్చిన తాడు తెచ్చి పాప చేతికి కట్టారు. "అమ్మా, ఎలుగు వెంట్రుక ఏదీ?" అని మా ఆడపడుచు అందరి ముందూ అడిగింది.

"వస చాల్లేవే" అన్నారు అత్తయ్య.

పొట్లం ఏం చేశారో నేను అడగలేదు.