పొరుగు రాష్ట్రపు బండి

మా పాఠశాలకు వచ్చు పిల్లలలో పెక్కుమంది బరంపురము చుట్టుపట్లనున్న గ్రామములవారు. వారికి ఇంట తెలుగు, వీధిలో ఒడియా. కోతల కాలము వచ్చినను, పెద్దలు వలస పోయినను తరగతిలో మొదట ఖాళీయగునవి వారి చోట్లే. ఒక బాలుడు పది దినములు బడికి రానిచో, వాని యింటికి పోయి తల్లిదండ్రులతో మాటలాడుట తెలుగు ఉపాధ్యాయుని పనియే యని మేము తలంతుము. ఆ గ్రామములకు బస్సు ఉదయమొకటి, సాయంత్రమొకటి. కావున మాకొక మోటారు సైకిలు అవసరమయ్యెను. క్రొత్తదానిని కొనుటకు జీతము చాలదు.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశములో. నాటి సహాధ్యాయులొకరు ఇచ్ఛాపురములో ఉన్నారు. 2022లో వారు తమ హీరో స్ప్లెండరును అమ్మదలచి మాకు కబురంపిరి. అది 2014లో రిజిస్టరైన బండి, 97.2 సి.సి. ఇంజను, ఒకే చేతిమీద నడచినది. ధర 24,000 రూపాయలు. బరంపురమునకు ఇచ్ఛాపురము సుమారు 25 కిలోమీటర్ల దూరము. 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఈ రెండూళ్లును మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినవే. ఆనాడు ఒడిశా వేఱు రాష్ట్రమై నడుమ గీత పడెను. పెండ్లి సంబంధములు కలుపుకొనుటకు ఆ గీత మనకు అడ్డు రాదు గాని, బండికి మాత్రము ఆవలి యూరు పరదేశమే.

పాత బండిని కొనువారు మొట్టమొదట చూడవలసినది రంగును గాదు, ఛాసిస్ సంఖ్యను. అది హ్యాండిలు క్రింది గొట్టముపై ముద్రింపబడి యుండును. అక్షరములును అంకెలును కలిపి పదునేడు. ఒకటి, సున్న అనువానితో భ్రమ కలుగకుండుటకై ఆంగ్లమునందలి ఐ, ఓ, క్యూ అను అక్షరములను అందు వాడరు. దానిపై కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు దిగును. మేము ఆ అచ్చును, ఇంజను సంఖ్యను ఆర్.సి.తో సరిచూచుకొంటిమి.

బరంపురములో విచారింపబోగా, ఆర్.టి.ఓ. కార్యాలయము ముంగిట నొక బ్రోకరు మాకు హితవు చెప్పెను. "ఎందుకు మాస్టారూ ఈ తిప్పలు? ఆంధ్రా నంబరు బళ్లు ఇక్కడ ఎన్ని తిరగటంలేదు? పేరు మార్చకపోయినా అడిగేదెవరు?"

అడుగువారు లేకపోవచ్చును. కాని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 47వ సెక్షను ననుసరించి, పండ్రెండు నెలలకు మించి వేరొక రాష్ట్రములో ఉంచిన బండికి ఆ రాష్ట్రపు సంఖ్యను పొందవలెను. చేతులు మారిన బండి విషయములో కొన్నవారు 30 దినములలోనే పేరు మార్పును తెలుపవలెను. అంతకంటె ముఖ్యమగు విషయము వేరొకటి కలదు. ప్రమాదము జరిగినచో, ఆర్.సి.లో ఎవరి పేరున్నదో వారినే చట్టము యజమానిగా ఎంచును. బండిని అమ్మివేసితినను మాట చెల్లదని 2018లో సుప్రీంకోర్టు కూడ తీర్పు చెప్పెను. మేము త్రోవలో నెవరినైన గాయపరచినచో, ఇచ్ఛాపురములో తమ యింట కూర్చుండియున్న మిత్రులు దానికి బాధ్యులగుదురు! స్నేహమునకు ప్రతిఫలముగా అట్టి భారమును అంటగట్టుట మాకు సమ్మతము గాదు.

కావున మిత్రులు 28వ ఫారము నింపి, తమ కార్యాలయమునందు నిరభ్యంతర పత్రమునకై దరఖాస్తు పెట్టిరి. బండిపై దొంగతనపు కేసు లేదనియు, పన్ను బకాయి లేదనియు తేలిన పిదపనే దానినిత్తురు. ముప్పది దినములలో నిరాకరణ తెలుపనిచో ఇచ్చినట్లే భావింపవలెనని 48వ సెక్షను చెప్పుచున్నది. మాకది మూడు వారములలో వచ్చెను. అంతవరకును బండిని మిత్రుల వసారాలోనే యుంచి, సొమ్ములో సగమే యిచ్చితిమి. స్నేహితులైనను ఈ జాగ్రత్త ఉభయులకును మేలు. అప్పుమీద కొన్న బండియైనచో, అప్పు తీరినట్లు 35వ ఫారమును కూడ అడిగి పుచ్చుకొనవలెను.

పిదప 29, 30 ఫారములు పేరు మార్పునకు, 27వ ఫారము క్రొత్త సంఖ్యకు. బీమాను 14 దినములలో మా పేరిట వ్రాయించుకొంటిమి. మిత్రులు కొన్ననాడే జీవితకాలపు పన్ను చెల్లించియుండిరి గాని, ఆ పన్ను సరిహద్దు దాటదు. బండి వయస్సును బట్టి ఇచ్చట మరల పన్ను కట్టితిమి. దరఖాస్తు ఆంగ్లములో, గుమాస్తా ప్రశ్నలు ఒడియాలో, మా సంతకము తెలుగులో. ఆ సంతకమును చూచి గుమాస్తా నవ్వి, "మా అమ్మది సోంపేటండీ మాస్టారూ" అని తెలుగులో పలికెను. పని సులువు కాలేదు గాని, మనస్సు తేలికయయ్యెను.

ఏపీ 30 పోయి ఓడీ 07 వచ్చెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు క్రొత్త పలకను తేరిపార చూచి యడిగెను: "మాస్టారండీ, ఇప్పుడిది మన బండా, ఆంధ్రా బండా?"

వాని చేతికి కాగితము, పెన్సిలు నిచ్చి ఛాసిస్ సంఖ్యను రుద్దుమంటిమి. దిగిన అచ్చును పాత అచ్చు ప్రక్కన పెట్టితిమి. పదునేడును సరిపోయినవి. "పలకమీది నంబరు ఉన్న ఊరిది నాయనా. ఇక్కడి పన్ను కట్టాలి, ఇక్కడి రోడ్డు నియమాలు పాటించాలి. ఇది మాత్రం పుట్టుకతో వచ్చింది. దీన్ని అరగదీస్తే ఏ రాష్ట్రమూ ఆ బండిని నమ్మదు" అని చెప్పితిమి. మేము బండిని గూర్చియే మాటలాడితిమి. విద్యార్థులారా, తక్కినది మీరు గ్రహింపగలరు.

ఆ యేడు ఆ బండిమీద ఐదు గ్రామములు తిరిగితిమి. బడి మానిన నలుగురిలో ముగ్గురు మరల వచ్చిరి. నాలుగవ బాలిక తల్లిదండ్రులతో సూరతునకు వెళ్లినదని ప్రక్కయింటివారు చెప్పిరి. మా గంజాం జిల్లానుండి మగ్గముల పనికై అచటికి పోవువారు పెక్కురు. అంత దూరము మా బండి పోజాలదు. ఆమె తెలుగు వాచకము మా బీరువాలో పదిలముగా నున్నది. ఎప్పుడు వచ్చినను తీసికొనవచ్చును.