దొర యను మాట

రెండక్షరముల చిన్న మాట; రెండును హ్రస్వములే. పలుకుటకు ప్రయాస లేదు, వ్రాయుటకు చోటక్కరలేదు. అయినను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఈ మాట మోసినంత బరువు మఱి యే మాటయు మోయలేదని మా యభిప్రాయము. మాటకు అర్థము నిఘంటువులో నుండునని చదువుకొన్నవారి నమ్మకము. అది చాలవఱకు నిజమే. కాని దొర యను మాట విషయమున నిఘంటువు సగమే చెప్పగలదు. తక్కిన సగము, ఆ మాటను పలుకువాడు నిలువుగా నిలిచి పలికెనా, నడుము వంచి పలికెనా యన్నదానిలో నున్నది. ఆ రెండవ సగమును గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

మొదట సూర్యాపేటనుండి తూర్పుగా రహదారి వెంబడి పోవుదము. నడుమ మునగాల, పిదప కోదాడ, ఆ తరువాత జగ్గయ్యపేట. నేడు కోదాడ జగ్గయ్యపేటల నడుమ నున్నది రెండు రాష్ట్రముల యెల్ల. 1947 ఆగస్టు వఱకు అది యింకను పెద్ద యెల్ల: ఆవల ఇంగ్లీషువారి యేలుబడి, ఈవల నిజాము రాజ్యము. ఇరువైపుల భాష తెలుగే, పండుగలొక్కటే, పంటలొక్కటే. అయినను 'దొర వచ్చుచున్నాడు' అన్నంతనే ఆవలివాడు మొట్టమొదట టోపీ పెట్టుకొన్న తెల్లవానిని తలచుకొనెడివాడు. ఈవలివాడు తన భాషనే మాటలాడు దేశముఖును తలచుకొనెడివాడు. కలెక్టరు దొర, ఇంజనీరు దొర యనునవి ఆవలి మాటలు. పెద్ద దొర, చిన్న దొర, దొర గడీ యనునవి ఈవలి మాటలు. నడుమనున్న మునగాల పరగణా మఱియొక చిత్రము. చుట్టును నిజాము రాజ్యముండగా అది కృష్ణా జిల్లాకు చెందిన దీవివలె నుండెను. అచ్చటి ప్రభువునకు రాజా యని బిరుదు. ఆ నాయని వెంకట రంగారావు గారును, వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులు గారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించుటలో పాలుగొన్నవారు. ఒక్క దినపు బండి ప్రయాణములో దొర, రాజా, దొర యని మూడు బిరుదులను దాటవలసివచ్చెడిది. అందు మొదటి దొరయు చివరి దొరయు ఒక్కడు కాడు.

దొరతనము అను మాటకును ఇదే గతి పట్టినది. మదరాసు రాజధానిలోని పాత తెలుగు వ్రాతలలో దొరతనమువారు అనగా సర్కారువారు. అందు కచేరీలు, కాగితములు, ముద్రలు, చివరకు అప్పీలు చేసికొను త్రోవయు గలవు. తెలంగాణమున దొరతనమన్నచో ఒక మనుష్యుని యిష్టము. అతని తీర్పుపై అప్పీలు లేదు.

ఆవలి దొరలందఱును ఒక్క తీరువారు కారు. ధవళేశ్వరము కడ 1847 మొదలు 1852 వఱకు గోదావరికి ఆనకట్ట గట్టించిన ఆర్థరు కాటనును గోదావరి సీమ రైతులు నేటికిని కాటను దొర యనియే తలచుకొందురు. ఆ పిలుపులో భయము లేదు, కృతజ్ఞత గలదు. అదే 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిన బ్రౌను మనకు బ్రౌను దొర. మన్యమునకు పోయినచో మాట మఱల తిరుగబడును. కొండదొరలు, మన్నెదొరలు అనునవి అచ్చటి గిరిజనుల జాతుల పేర్లు. 1922 మొదలు 1924 వఱకు జరిగిన మన్యపు తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజునకు బాసటగా నిలిచిన సోదరులు గాం గంటందొర, గాం మల్లుదొర. తెల్లదొరలపై విల్లెక్కుపెట్టినవారును దొరలే! ఎవరు దొర యన్న ప్రశ్నకు ఆ కొండలలో రెండు సమాధానములుండెను. వానికొఱకే పోరాటము జరిగెను.

ఇఱుగుపొరుగు భాషలను జూతము. కన్నడమున దొరె యనగా రాజు. అరవమున తురై యనగా యజమానుడు, పెద్దమనిషి. 1886లో ఇంగ్లీషువారు ప్రకటించిన హాబ్సన్ జాబ్సన్ యను నిఘంటువు దక్షిణ దేశమున సాహెబు అను మాటకు బదులు వాడబడునది యిదియే యని చెప్పినది. సింహళమునందలి తేయాకు తోటలలో అరవ కూలీలు తోట మేనేజరును పెరియ తురై యనియు, అతని క్రింది యువకుని చిన్న తురై యనియు పిలిచెడివారు. ఆ పిలుపునకును మన గడీ ముంగిటి పిలుపునకును చుట్టరికము గలదు. కూలిచేయువాని గొంతు రెండింటను ఒక్కటియే.

చుట్టరికము లేని పోలికలును గలవు. ఆ సింహళ దేశపు భాషలోనే దొర యనగా తలుపు. అది మన సంస్కృత ద్వారమునుండి పుట్టినది. ఇంగ్లీషువారి డోరునకు దూరపు దాయాది. గ్రీకు భాషలో దోర యనగా కానుకలు. అందు మొదటి యచ్చు దీర్ఘము. మన దానమును ఆ కానుకయు ఒక్క ధాతువు బిడ్డలే. థియోడోరు అను పేరునకు దేవుని కానుక యని యర్థము. జపాను భాషలో దొర యనగా కంచు గంట వంటి పళ్లెపు వాద్యము. హిందీలో డోరా యనగా దారము. తలుపు, కానుకలు, వాద్యము, దారము: వీనిలో నొక్కటియు మన దొరకు బంధువు కాదు. ధ్వని కలిసినంత మాత్రమున వంశము కలుపువారు మనలో కొందఱున్నారు. వారికి ఈ పట్టిక మంచి మందు. ఐనను ఒక్క సంగతి గమనింపదగినది. ఈ దూరదేశపు మాటలన్నియు వస్తువులను చెప్పును. వానిని ఎవరు పలికినను ఒక్కటే యర్థము. మన దొర మాత్రము ఇద్దఱు మనుష్యుల నడుమనున్న ఎత్తుపల్లములను చెప్పును. అందుచేతనే అది చోటు మారినప్పుడెల్ల మారినది.

ఇక మఱల సూర్యాపేటకు వత్తము. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటమును గూర్చి వ్రాసిన గ్రంథమున సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డివారి దేశముఖీ క్రింద లక్షన్నర యెకరములున్నవని చెప్పిరి. భూమి యంత యుండగా మనుష్యులు వేఱుగా నుందురా? చాకలి గుడ్డలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టవలెను, గొల్ల గొఱ్ఱెను దెచ్చి కట్టవలెను. వెల లేదు, కూలి లేదు. దాని పేరు వెట్టి. ఆ వెట్టికి తగిన వ్యాకరణము 'నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త' యన్న వాక్యము. బాంచెన్ అనగా బానిసను. చూడుడు, ఈ వాక్యమున ఫిర్యాదు లేదు, ప్రశ్న లేదు, కోరిక సైతము లేదు. ఇవి చెప్పుకొనవచ్చినవాడు మొదట ఈ వాక్యమును అప్పగించి పిదప నోరు విప్పవలెను. అరువదేండ్ల వృద్ధుడు అయిదేండ్ల బాలుని చిన్న దొరా యని పిలిచి చెప్పులు చేతబట్టుకొని నిలిచెడివాడు. ఆ బాలుడు ఆ దినమున నేర్చుకొన్న పాఠమును ఏ బడియు మాన్పజాలదు.

ఈ వాక్యమును మాన్పించుటయే ఆంధ్రమహాసభ చేసిన గొప్ప పని యని మేము తలంతుము. కోదాడకు చేరువనున్న చిలుకూరున 1941లో సభ జరిగెను. అధ్యక్షులు రావి నారాయణరెడ్డిగారు. ఆయన భూస్వాముల కుటుంబమున బుట్టినవారే. 1944లో భువనగిరి సభ; 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలి. 1951 వఱకు పోరాటము సాగినది. ఇంతలో 1948 సెప్టెంబరున నిజాము రాజ్యము ముగిసెను; 1949లో జాగీర్లు రద్దయ్యెను; 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. తరువాత నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ పొలములకు పాఱినది. వరి పెరిగినది, బియ్యపు మిల్లులు పెరిగినవి, బజారు పెరిగినది. బజారులో పెద్దవానిని దొర యనరు, సేటు అందురు. సంస్కృతపు శ్రేష్ఠియే ఈ సేటు. సేటుతో బేరమాడవచ్చును, తూకము తక్కువైనదని తగవులాడవచ్చును, నచ్చకున్న ఎదుటి యంగడికి పోవచ్చును. దొర ముందర ఈ మూడును లేవు. మాట మారుట ఒట్టి మాటేయని తలచువారు ఈ భేదమును గమనింతురు గాక.

మన సామెతలు ఈ సంగతిని ముందే యెఱుగును. దొరికితే దొంగ, దొరకకపోతే దొర యన్నది లోకపు నాలుక. దొరలిచ్చిన పాలకన్న ధరణి యిచ్చిన పాలు మేలన్నది రైతు నాలుక. వంగిన నడుముతో దొరా యన్నవారే వెనుకకు తిరిగి ఈ సామెతలను చెప్పుకొనిరి. మాటలో లేని గౌరవమును మాటచేత రాబట్టలేరనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. భూమిని గూర్చి చట్టములు వచ్చినవి. పిలుపును గూర్చి చట్టము రాదు, రాగూడదు. అందుచేత అది మన చేతిలోనే మిగిలినది. నేటికిని కొన్ని యిండ్ల ముంగిళ్లలో తాతల కాలమునుండి పని చేయుచున్న ముదుసలి యిల్లుగలవానిని దొరా యని పిలుచును, యజమాని ఊకొట్టును. 'అది వట్టి అలవాటు, మేము పిలిపించుకొనుట లేదు, ముసలివాని నోరు మూయింతుమా?' యని కొందఱు మంచివారే అందురు. వారితో మేము తగవులాడము. ఒక్క పరీక్ష మాత్రము చెప్పుదుము. మర్యాదమాట నిజముగా మర్యాదయైనచో దానిని తిరిగి పలుకవచ్చును. గారు అను మాటను ఎవరికైనను చేర్పవచ్చును. చేర్పించుకొన్నవారు మఱల మనకును చేర్పవచ్చును. మన వీధులలో ఇద్దఱు మగవారు ఎవరు పెద్దయో చూడక ఒకరినొకరు అన్నా యని పిలుచుకొందురు. ఆ ముదుసలి దొరా యన్నప్పుడు మీరును దొరా యని బదులు పలుకుడు. అతడు నవ్వినచో అది హాస్యము. ఉలికిపడినచో అది మర్యాద కాదు, పాత వెట్టియే.

మేము బడిపంతులము, మమ్ము సారు అందురు. అదియు మీదినుండి వచ్చిన పిలుపే కదా యని యెవరైన అడుగవచ్చును. ఇంగ్లీషువారి సర్ అను మాటకు మూలము లాటినున పెద్దవాడను నర్థముగల మాట. అనగా వంశముచేత సారు అన్నకు దగ్గఱివాడు, దొరకు కాడు. ఐనను ఈ వంశగౌరవముతో తృప్తిపడక, పిల్లలను మేమును మీరు అని పిలుచుట మేలని మా యనుభవము. మొదటి వారము వారు నవ్వుదురు, రెండవ వారము నిటారుగా కూర్చుందురు.

అరవదేశమున ఒక చక్కని నిదర్శనము గలదు. 1967లో మదరాసు రాష్ట్రపు ముఖ్యమంత్రియైన అన్నాదురై పేరున అన్న గలడు, తురై గలడు. ప్రజలు ఆ పేరును సగము చేసి అన్నా యని పిలుచుకొనిరి. దొరను విడిచి అన్నను ఉంచుకొనిరి. ఎవరును ఆజ్ఞాపింపలేదు.

దొర యను మాటను నిఘంటువునుండి తీసివేయుమని మేము చెప్పము. కథలలోని రాజునకు అది యుండనీ. కాటనునకు, గంటందొరకు ఉండనీ. ఊయలలోని పసివానిని నా చిట్టి దొరా యని తల్లి ముద్దాడనీ. ఆ పిలుపున నడుము వంగునది ప్రేమచేత. మన ముంగిట మాత్రము దానిని అందుకొనక, ఆ ముదుసలి పేరేమో యడిగి తెలిసికొని, వరుస కలిపి తాతా యనియో పెద్దయ్యా యనియో పిలుతము. అతని పేరు మన పిల్లలకు తెలియవలెను. ఇన్నేండ్లు ఆ ముంగిట పనిచేసినవాని పేరు ఆ యింటి బిడ్డలకు తెలియకుండుటకంటె లజ్జాకరమేమున్నది?