ఎర్రకన్నుకు ముందు వచ్చిన జ్వరం

కోనసీమలోని ఉప్పలగుప్తం మండలం నుంచి కన్ను ఎర్రబడి మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చేతిలో అప్పటికే ఒక చుక్కల మందు సీసా ఉంటుంది. కళ్ళకలకేనని మందుల షాపులో ఇచ్చినది. కలకైతే పుసి కడుతుంది, పొద్దున్నే రెప్పలు అంటుకుంటాయి, చూపు మాత్రం పెద్దగా తగ్గదు. పుసి లేకుండా కన్ను లోతుగా సలుపుతూ, వెలుతురు భరించలేక, చూపు మసకబారుతుంటే కంటి లోపలి పొర వాచిందేమోనని అనుమానించాలి. దాన్ని యువైటిస్ అంటాం.

కోతలయ్యాక వచ్చిన ఒక వ్యవసాయ కూలీని ఈమధ్య జ్వరం వచ్చిందా అని అడిగాను. "ఆయ్, చేలు ములిగినప్పుడు వచ్చిందండి. పిక్కలు లాగేశాయండి. తగ్గిపోయింది కదాని ఊరుకున్నానండి" అన్నాడు. స్లిట్ ల్యాంప్‌తో చూస్తే నల్లగుడ్డు ముందు అడుగున చీము మట్టం కట్టి ఉంది. రక్తపరీక్షలో లెప్టోస్పైరా, అదే ఎలుక జ్వరం, బయటపడింది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటిలో ఈ క్రిమి బతుకుతుంది. ఒరిసిన కాలివేళ్ల సందుల్లోంచి ఒంట్లోకి దూరుతుంది. జ్వరం తగ్గిన కొన్ని నెలలకు కన్ను వాస్తుంది. అందుకే రోగి ఆ రెండింటినీ కలిపి చెప్పడు, మనమే అడగాలి. 1993 వరదల తర్వాత మదురైలో ఇలాంటి కేసులు గుంపుగా వచ్చాయి. అరవింద్ కంటి ఆసుపత్రి వైద్యులు వాటి మూలం లెప్టోస్పైరా అని తేల్చారు. వేళకు మందు పడితే ఈ రకంలో చూపు చాలావరకు తిరిగి వస్తుంది.

చేలో దిగనివారి కథ వేరు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకామెకు స్టెరాయిడ్ చుక్కలతో తగ్గడం, ఆపగానే తిరగబెట్టడం. ఛాతీ ఎక్స్‌రే, చర్మపరీక్ష క్షయ వైపు చూపాయి. దగ్గు ఒక్కరోజూ లేదు. కారణం వెతక్కుండా ఆ చుక్కలే వాడుతూ పోతే శుక్లాలు, నీటికాసులు వచ్చిపడతాయి. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకనివారూ చాలామందే ఉంటారు. వారికి వాపును అదుపులో ఉంచడమే వైద్యం.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో మురుగు కాలువలు పూడి చేలు ములిగిపోవడం ఒకటి. ఆ నిలవనీటిని పంట నష్టం లెక్కలోనే వేస్తున్నారు. కంటి జబ్బుల లెక్కలోనూ వేయాలి, కాలువల పూడిక వానలకు ముందే తీయాలి. చేలో దిగేవారికి నా మనవి: కన్ను ఎర్రబడితే షాపు చుక్కలతో సరిపెట్టకండి, నెలల కిందట వచ్చి తగ్గిన జ్వరమైనా సరే, డాక్టరుకు చెప్పండి.