తిమ్మమ్మ మఱ్ఱిమాను నీడలో

మా యూరు ఆమడగూరు. 2022వఱకు అనంతపురము జిల్లాలోనిది. జిల్లాలు మాఱిన పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మెట్టపొలములు, వేరుసెనగ చేలు, బోడికొండలు తప్ప చుట్టపుచూపుగా వచ్చినవారికి చూపదగినది మా యొద్ద అంతగా లేదు. కావున మా ప్రాంతమువారికి గర్వకారణముగా మిగిలినది కదిరికి ఆవలనున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను. చుట్టములు వచ్చిన అచటికే పోవుదుము. కడుపు పండని కోడండ్రను అచటికే తీసికొని పోవుదుము. దాని నెవరైన నొక్కమాట యన్న మాకు కోపము వచ్చును. ఆ కోపము న్యాయమైనదేనా యని మొన్న మాలో మాకే తగవు పుట్టినది. చదువరులగు సోదరీమణులకు ఆ ప్రయాణపు ముచ్చట చెప్పవలెనని యిది వ్రాయుచున్నాము.

తగవునకు అంకురము మా పిల్లల వలన పడినది. సంక్రాంతి సెలవులలో వారు మేనమామతో పట్నమునకు పోయి యొక వినోదవనము చూచివచ్చిరి. "అన్నియు బాగున్నవి గాని, ఒక్కొక్క యాటకు గంటసేపు ఎండలో నిలువవలసి వచ్చినది" అని చిన్నవాడనెను. పెద్దది కస్సుమని లేచి, "అంత మంచిచోటునకు వంకలు పెట్టెదవా? నీకు దానిపై ఇష్టమే లేదు" అని రెండు దినములు తమ్మునితో మాటాడలేదు. మా యింటివారు బడిపంతులు గదా, ఇద్దఱను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, అమెరికాలో డిస్నీలాండ్ తెఱచిన మొదటిదినమున, అనగా 1955 జూలైలో, ఎండకు తారు మెత్తబడి స్త్రీల చెప్పుల మడమలు అందులో దిగబడిన సంగతి చెప్పిరి. "ఆ కథను నేటికిని చెప్పుకొని నవ్వువారు దానికి శత్రువులు కారమ్మా, దానిని మిక్కిలి ప్రేమించువారే" అనిరి. వంటయింటినుండి వినుచు మేమును నవ్వుకొంటిమి. రెండు నెలలు తిరుగకమున్నే ఆ తగవు పెద్దలమగు మాకును వచ్చునని అప్పుడు తోచలేదు.

శివరాత్రికి మఱ్ఱిమాను క్రింద గొప్ప జాతర జరుగును. ఆ సందడిలో పెద్దవారితో పోజాలమని పండుగ గడచిన వారమునకు బయలుదేఱితిమి. మాతో మా అత్తగారు, ఆమె చెల్లెలగు మా చిన్నత్త, మా ఆడుబిడ్డ వచ్చిరి. ఆడుబిడ్డకు పెండ్లియై నాలుగేండ్లయినది; ఇంకను సంతానము లేదు. ఆమెచేత మానుకు ఊయల కట్టింపవలెననియే అత్తగారి సంకల్పము. చిన్నత్త ఇరువదియాఱవ యేట పసుపుకుంకుమలు పోగొట్టుకొని, కుట్టుమిషను మీద బ్రదుకు సాగించి ముగ్గురు బిడ్డలను ప్రయోజకులను చేసినది. చిన్ననాడు ఏటేట ఆ మాను క్రింద ఆడుకొన్నదే గాని, భర్త పోయిన పిమ్మట ఇరువదేండ్లుగా ఆ దిక్కునకు పోలేదు. ఈమాఱు తానే "నేనును వచ్చెదను" అనగా మేము ఆశ్చర్యపడితిమి.

చిత్రాన్నము, పెరుగన్నము మూటగట్టుకొని తెల్లవాఱుజామున బస్సెక్కి, ఓబుళదేవరచెఱువు మీదుగా కదిరి చేరితిమి. ఖాద్రి లక్ష్మీనరసింహస్వామిని సేవించి, కుంకుమయు టెంకాయలును కొని, ఆటో మాట్లాడుకొని గూటిబయలునకు పోయితిమి. కదిరినుండి రమారమి 25 కిలోమీటర్లు. దారి పొడవున కొండగుట్టలే. ఎండ అప్పుడే చుఱుక్కుమనుచుండెను.

దూరమునుండి చూచిన అది చెట్టని తోచదు. బయలున వెలసిన చిన్న యడవివలె నుండును. లోపల అడుగిడినంతనే ఎండ మాయమై మేను చల్లబడినది. పైన పక్షుల కలకలము, క్రింద ఆకుల జల్లెడలో జాఱిన వెలుగు చుక్కలు. వేయికి మించిన యూడలు కంబములవలె నిలిచియున్నవి. వానిలో అసలు మొదలేదో, మనుమడేదో, మునిమనుమడేదో పోల్పరాదు. మఱ్ఱి స్వభావమే యంత: కొమ్మనుండి దిగిన ఊడ నేల నంటినచో వేరూని, తానే మొదలై, తన్ను గన్న కొమ్మను తానే మోయును. గిన్నిస్ గ్రంథమున 1989లో ఈ మాను ప్రపంచములో మిక్కిలి విరివియైనదిగా నెక్కినది. దాని నీడ పఱచుకొన్న నేల 19,107 చదరపు మీటర్లు, అనగా 4.7 ఎకరములు.

మొదటి మాటపట్టింపు ఆ లెక్కయొద్దనే వచ్చినది. టెంకాయల అంగడి అవ్వ "ఎనిమిదెకరముల మానమ్మా" అనెను. మేము గిన్నిస్ లెక్క చెప్పితిమి. అత్తగారికి ముఖము కందినది. "మన మానును మనమే తక్కువచేసికొందుమా? పొరుగువారు వినిన ఏమనుకొందురు?" అనిరి. "ఎకరములు తగ్గించి చెప్పినంతమాత్రాన నీడ తగ్గునా అత్తయ్యా?" అంటిమి గాని, ఆమె విననట్లు ముందునకు సాగిరి.

మాను నడుమ తిమ్మమ్మ చిన్నగుడి యున్నది. అచట కథ చెప్పనివారు లేరు. 1434 ప్రాంతమున బాలవీరయ్య యను భర్త గతింపగా తిమ్మమ్మ సహగమనము చేసినదనియు, చితికి నాటిన గుంజలలో నొకటి చిగిర్చి ఈ మానైనదనియు, సంతులేని దంపతులు మ్రొక్కుకొన్న ఏడాదిలో బిడ్డ కలుగుననియు ఇచటివారి నమ్మకము. అత్తగారు కథ ముగించి కన్నులొత్తుకొని, "పతివ్రతయనిన ఆమెయే" అనిరి.

చిన్నత్త అంతవఱకు మాటాడలేదు. అప్పుడు మెల్లగా, "అక్కా, చితిలో దూకినది పతివ్రతయైన, దూకక బిడ్డలకు అన్నము పెట్టిన నేనేమి?" అని యడిగినది.

మాకందఱకు నోట మాట రాలేదు. అత్తగారు తొట్రుపడి, "నిన్నెవరేమనిరే? దేవత చోట తప్పులెన్నరాదు. ఇష్టము లేకున్న రాకయే పోవలసినది" అనిరి.

"ఇష్టము లేకపోవుటయా? ఈ ఊడలలో నేను దాగుడుమూతలాడని ఊడ లేదు. ఇరువది సంవత్సరములు ఈ నీడ కలలోనికి వచ్చినది. రాకపోయినది మానుమీది కోపముచేత కాదు, ఈ కథ ముందట తలవంచుకొని నిలువలేక. నేడు వచ్చినది ఈ పిల్ల కొఱకు" అని చిన్నత్త ఆడుబిడ్డ చేయి పట్టుకొన్నది. "నాలుగేండ్లనుండి ఊయల కట్టుమనుచున్నావు గాని, డాక్టరమ్మ పేరెత్తిన మానుమీద నమ్మకము లేదా యని కసరుచున్నావు. మ్రొక్కు ఫలింపనినాడు లోపము పిల్ల భక్తిలోనిదని ఊరందఱు అందురు. ఊయల కట్టనిమ్ము. వైద్యునియొద్దకును పోనిమ్ము, మగనిని వెంటబెట్టుకొని. ఒకటి చేసిన రెండవది చేయరాదని ఈ తల్లి ఎప్పుడైన చెప్పెనా?"

ఆడుబిడ్డ వెక్కివెక్కి యేడ్చినది. మేము నడుమ పడి, పుట్టినింట మా తండ్రిగారు చదివి చెప్పిన భారతము తలచుకొని, "అత్తయ్యా, పాండురాజుతో మాద్రి పోయినది, కుంతి నిలిచినది. కుంతి నిలువకున్న ఆ యైదుగురిని పెంచువారెవరు? ఆమెను పతివ్రత కాదని వ్యాసులవారనలేదు, నన్నయగారనలేదు" అంటిమి. సహగమనమును 1829లో బెంటింకు దొర బంగాళమున నిషేధించుటయు, 1830లో మదరాసు రాజధానిలో మాన్పించుటయు, 1987 నాటి చట్టము ఆ యాచారమును పొగడుటను సైతము నేరముగా నెంచుటయు చెప్పితిమి. "తిమ్మమ్మ ఏమి తలచెనో ఆమెకే యెఱుక. ఆమెను తలచి కన్నీరు పెట్టుట తప్పు కాదు. మంటను మెచ్చుకొనుట మాత్రము మానవలెను" అంటిమి.

"మీరందఱు చదువుకొన్నవారు. ప్రేమించినదానిని నిందింతురా?" అని అత్తగారు.

"నిందించిరి గదా! కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమంతయు ఆ స్వామిని ఎత్తిపొడిచినదే. చెఱసాలలో రామదాసు తన రాముని నిలువదీయలేదా? వారిని భక్తులు కారని యెవరందురు? పరాయివాడు వంక చెప్పి పోవును, మనవాడు వంక చెప్పి అచటనే కూర్చుండును" అంటిమి.

అత్తగారు బదులు చెప్పలేదు. అందఱము లేచి మాను చుట్టు నడచితిమి. ఒకచోట ఊడల బెరడుపై చాకుతో చెక్కిన పేర్లు, మఱొకచోట ప్లాస్టిక్ సంచులు, కాగితపు పళ్లెరములు. పడుచువాండ్రు కొందఱు లేత ఊడ పట్టుకొని ఊగుచుండిరి. మఱియొక ప్రక్క పనివాడొకడు వెదురు గొట్టములో లేత ఊడను దూర్చి నేలకు దింపుచుండెను. కొన తెగినను, క్రింది నేల తొక్కుడుకు గట్టిపడినను ఊడ వేరూనదనియు, ఊడ దిగని కొమ్మ తన బరువునకు తానే విఱుగుననియు చెప్పెను. అది విని, ఎవరిని ఎన్నడు గదమాయించి యెఱుగని అత్తగారు ఆ పడుచువాండ్రవైపు తిరిగి, "నాయనా, దిగుడు. అది బిడ్డ, త్రాడు కాదు" అనిరి.

మా యింటివారు చెప్పిన రెండు మానుల కథలు అప్పుడు జ్ఞప్తికి వచ్చినవి. కలకత్తా చెంత హౌరా వృక్షశాస్త్రవనములోని మహావటమునకు తుపానుల దెబ్బ తగిలి, బూజు పట్టి అసలు మొదలే కుళ్లినది. 1925లో ఆ మొదలును కోసి తీసివేసిరి. ఊడల మీద ఆ మాను నేటికిని నిలిచియున్నది. మన తెలంగాణమున మహబూబునగరపు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టి 2017 చివర కొమ్మ విఱిగిపడగా, చూడవచ్చువారిని ఆపివేసి, మనుష్యులకు సెలైను ఎక్కించునట్లు 2018లో బొట్టుబొట్టుగా మందెక్కించిరి. మా మానులో చెదలేమిటని కోపించి కూర్చుండినచో ఆ చెట్టు గతియేమి? కుళ్లిన మొదలును కోసినవారు ఆ మహావటమునకు ద్రోహులా?

ఈ కథలు అత్తగారికి చెప్పితిమి. ఆమె చాలసేపు ఊడలవంక చూచుచు కూర్చుండిరి. భోజనములైన పిమ్మట మరల గుడియొద్దకు పోయితిమి. ఆడుబిడ్డ ఊయల కట్టినది. టెంకాయ కొట్టవలసినప్పుడు అత్తగారు దానిని చిన్నత్త చేతికిచ్చి, "నీవు కొట్టుము" అనిరి. చిన్నత్త వెనుకాడినది. శుభకార్యమున విధవరాలు ముందుండరాదని ఇన్నాళ్లు ఆమెను వెనుకకు నిలిపినది మేమందఱమే గదా. "కొట్టవే, ఎండ దిగుచున్నది" అని అత్తగారు విసుగుకొన్నట్లు అనిరి. టెంకాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలైనది.

తిరుగుదారిలో బస్సున ఎవరును ఆ మాట యెత్తలేదు. మఱుసటి సోమవారము అత్తగారు తామే అల్లుడుగారికి ఫోను చేయించి, "ఇద్దఱును కలసి వైద్యునియొద్దకు పోయిరండు" అనిరి. అయినను ఎవరైన అడిగినప్పుడు మా మాను ఎనిమిదెకరములనియే చెప్పుచున్నారు. ఆ యొక్కటి మేమును సరిదిద్దుట మానుకొంటిమి.

సోదరీమణులారా, మీ మీ ఊళ్లలోను మీరు ప్రేమించు గుడియో, కొండయో, కోనేరో ఉండును. దాని కొఱత చెప్పినవారిమీద కోపము వచ్చినప్పుడు, చెప్పిన పిమ్మట వారు లేచిపోయిరా, లేక చీపురు పట్టుకొని అచటనే నిలిచిరా యని చూడుడు. మా మానును చూడవచ్చినప్పుడు త్రాగునీరు తెచ్చుకొనుడు, తెచ్చిన సంచి తిరిగి తీసికొని పొండు, పిల్లలను లేత ఊడల పట్టి ఊగనీయకుడు. ఆ నీడలో మీతో వచ్చిన వారెవరైన మాటాడక వెనుక నిలిచియుండిన, వారినొకసారి ముందునకు పిలువుడు.